పాడ్యమి నాటి ఫ్లాపీ

రామచంద్ర నాకు చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో తూకం దొంగను పట్టుకున్నది నేను. గూళ్ళ బుట్టల మధ్య, ఆ పురుగు వాసనలో, కూలివాడి వేషంలో వారాల తరబడి తిరిగి పట్టుకున్నది నేను. పేపర్లో ఫోటో మాత్రం రామచంద్రది పడింది. కింద 'పేరుమోసిన ప్రైవేట్ డిటెక్టివ్' అని వేశారు. అడిగితే, "ఎనిమిదో తరగతితో బడి మానుకున్నోడి మొగం పేపర్లో ఏం బాగుంటాదప్పా ఓబులేసూ" అని నా ఎదురుగానే నవ్వాడు. ఆ నవ్వు అన్నం తినేటప్పుడు కూడా వినిపిస్తుంది నాకు.

ఆ రామచంద్రే ఈ కేసులో అవతలివాళ్ళ మనిషి. నేను ఈశ్వరి అనే ఆమె తరఫు డిటెక్టివ్‌ని.

ధర్మవరంలో ఈశ్వరికి నాలుగు మగ్గాలున్నాయి. ఆమె నేయించే పట్టుచీరల్లో ఒక కొంగు ఉంది, రాలుబుటా అంటారు. పైన బుటాలు బుద్ధిగా వరసల్లో ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ఒక్కొక్కటీ వరస తప్పుతుంది, జారుతుంది, చివరికి అంచు దగ్గర అన్నీ కుప్పగా పడి ఉంటాయి. చీరను మడిచి బల్ల మీద పెట్టినా ఆ బుటాలు ఇంకా దిగుతున్నట్టే ఉంటుంది. దాన్ని గీసింది ఆమె భర్త ఈరప్ప. పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ ఊళ్ళోనే పెద్ద చీరల షాపున్న శ్రీనివాసులు, ఆ బుటా నాదే అని దావా వేశాడు. పెనుకొండలో ఉండే రుక్మిణమ్మ అనే రిటైరైన ప్లీడరు ఎలా తీర్పు చెబితే అలా ఒప్పుకుంటామని ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ తీర్పు ఈ మధ్యాహ్నమే. షాపుదని తేలితే ఈశ్వరి ఇక ఆ బుటా నేయకూడదు. ఆ ఒక్క బుటా తప్ప ఆమెను అడిగి కొనేవాళ్ళు లేరు. నాలుగు మగ్గాలూ దించేసుకోవాల్సిందే.

రుజువులు రెండు. రెండూ పాతకాలపు ఫ్లాపీలు. నల్లగా, నలుచదరంగా, పట్టుకుంటే అప్పడంలా వంగేవి. శ్రీనివాసులు ఇచ్చిన దాంట్లో ఆ డిజైను గీసిన తేదీ 1991 నవంబర్ 7 అని ఉంది. ఈశ్వరి ఇచ్చిన దాంట్లో 1980 జనవరి 1 అని ఉంది.

"ఎనభైలో ధర్మవరంలో కంప్యూటర్ను కంటితో చూసినోడు ఎవురన్నా ఉండాడా? తేదీ దొంగది అంటే ఫ్లాపీ దొంగది. ఫ్లాపీ దొంగది అంటే ఈ యమ్మ దొంగది" అని రామచంద్ర మొన్న రుక్మిణమ్మ ఎదుట లెక్క తేల్చేశాడు. ఆమె కూడా తల ఊపింది.

అందుకే ఈ ఉదయం ధర్మవరంలో ఈరప్ప గదిలో నిలబడ్డాను.

మగ్గాల గదికి వెనక చిన్న గది అది. గోడవార ఒక బల్ల. బల్ల మీద పాత పట్టుచీర కప్పిన కంప్యూటరు. కిటికీ అద్దానికి పసుపు కాగితం అంటించి ఉంది కాబట్టి గదంతా తేనెలో ముంచినట్టుంది. అవతల మగ్గాల చప్పుడు నిద్రలో వినబడే వాన లాగా వస్తోంది. డబ్బా వెనక మరలు విప్పి లోపల టార్చి వేశాను. నేను వెతికింది ఒక చిన్న బిళ్ళ బ్యాటరీ. గడియారం నడవాలంటే అది ఉండాలి. లేదు. దాన్ని పెట్టే చోటు కూడా లేదు.

"ఈశ్వరక్కా, దీన్ని ఎప్పుడన్నా ఆన్ చేస్తాండావా?"

"అమాస అమాసకి చేస్తానన్నా" అంది ఈశ్వరి గడప దగ్గర నిలబడి. అరవై దగ్గర పడ్డ మనిషి, చేతివేళ్ళకు పట్టు దారం కోసిన గీతలు. "అమాస నాడు మగ్గం తొక్కం గదా. మా ఇంటాయప్ప ఉన్నెప్పుడు ఆ పొద్దే దీన్ని తుడిచి, ఒకతూరి బతికించి, ఆర్పేటోడు. ఇప్పుడు నేను చేస్తాండా. నాకేమీ తెలీదు. ఇది రెండు తూర్లు వత్తేది, అంతే."

ఆమె చూపించింది ఎంటర్ మీట. అక్షరాల మీటలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం అరిగి, వేలు పడే చోట గుంట పడి ఉంది.

"ఒకసారి వత్తి చూపించు."

ఈరప్ప ఫ్లాపీల్లో మిగిలినదొకటి పెట్టి స్విచ్ వేసింది. పెట్టె మూలిగింది, గొంతు సవరించుకుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఈరోజు మంగళవారం, జనవరి 1, 1980. ఔనా కాదా, కాకపోతే అసలు తేదీ చెప్పు అని ఇంగ్లీషులో అడిగి, చిన్న గీత మినుకుమినుకుమంటూ ఆగింది.

ఈశ్వరి ఎంటర్ నొక్కింది. టైము ఎంత అని అడిగింది. మళ్ళీ నొక్కింది.

"ఏం అడుగుతాందో తెలుసా అక్కా?"

"ఏదో ఒగటి అడుగుతాది. అది ఏమడిగినా ఔనను, దాని గోల అది పడతాది అన్యాడు మాయప్ప. మొగుడూ అదీ ఒగటేగా, ఔనంటే ఊరుకుంటారు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే పాత సంగతి గుర్తొచ్చింది. బడి మానుకున్నాక నేను హిందూపురంలో ఒక టైపింగ్ సెంటర్లో ఫ్లాపీలు మోసే పనిలో ఉన్నాను. అక్కడా ఇదే. ఇలాంటి పెట్టెకు లోపల గడియారం ఉండదు. ఆర్పితే రోజు మర్చిపోతుంది. లేపితే మళ్ళీ అదే మంగళవారంలో కళ్ళు తెరుస్తుంది. సరైన తేదీ కొట్టే ఓపిక ఎవరికీ లేదు. ఎంటర్ నొక్కి పని చూసుకునేవాళ్ళం. బయట పెళ్ళిళ్ళయ్యాయి, కరువులొచ్చాయి, ఈరప్ప జుట్టు తెల్లబడింది, మంచాన పడ్డాడు, పోయాడు. ఈ గదిలో మాత్రం ఎప్పుడూ అదే మంగళవారం. ఈరప్ప గీసిన ప్రతి పువ్వూ, ప్రతి నెమలీ ఆ ఒక్క పొద్దునే గీసినట్టు రాసి ఉంది.

అంటే ఈశ్వరి ఫ్లాపీ మీద తేదీ తప్పు. తప్పు కాబట్టే అది నిజమైనది. కానీ ఆ ముక్క ప్లీడరమ్మకు చెబితే చాలదు. ఆమెది దొంగది కాదని చూపిస్తాను సరే. శ్రీనివాసులుది దొంగదని ఎలా చూపించడం?

"ఈ బుటా ఆలోచన ఆయనకు ఎట్లా వచ్చిందక్కా?"

"హిందూపురం పోయినాడన్నా, ఇది నేర్చుకునేకి. ఆడ కంప్యూటర్లో రాసుకుంటా ఉంటే అక్షరాలు పైనుంచి కిందికి రాల్తా వచ్చినాయంట. అందరూ మిషన్ చెడిపోయెనని కేకలేస్తాంటే ఈయప్ప నోరు తెరుచుకోని చూస్తా కూచున్యాడంట. ఇంటికొచ్చి అన్నం తినలే. చింతాకు రాలినట్ల రాలినాయి ఈశ్వరీ, గాలి కూడా ల్యాకుండా రాలినాయి అన్యాడు. తెల్లారే లోపల గళ్ళ కాయితం మీద గీసేసినాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు చూపిస్తాననె. మళ్ళా యాడా రాలలే."

ఆ మాట పట్టుకుని హిందూపురంలో ఉన్న రేష్మకు ఫోన్ చేశాను. కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. కొందరు పాత నాణేలు పోగేసినట్టు ఆమె పాత వైరస్‌లు పోగేస్తుంది. పెనుకొండకు రమ్మన్నాను. ఈశ్వరిని వెంటబెట్టుకుని ప్యాసింజర్ ఎక్కాను.

రుక్మిణమ్మ ఇంటి వసారాలో రెండు ఫ్లాపీలూ ఒక స్టీలు తట్టలో పెట్టి ఉన్నాయి. పక్కన ఒక పాత కంప్యూటరు, రంగుల తెరది. అది శ్రీనివాసులు షాపువాళ్ళదే. తమ ఫ్లాపీ మీద తేదీ చూపించడానికి మొన్న తెచ్చి, తీసుకుపోకుండా వదిలేశారు. అవతలివాళ్ళు రాకముందు ఒక గంట చూసుకోమని రుక్మిణమ్మ మాకు అనుమతి ఇచ్చింది. రేష్మ తన ల్యాప్‌టాప్‌కి ఒక పాత డ్రైవు తగిలించి, రెండు ఫ్లాపీలనూ రాత పడకుండా చదివింది. చదివినదాన్ని మళ్ళీ మొదట్నుంచి చూసింది. ఎండ వసారా అంచు వరకూ వచ్చి ఆగింది.

"అన్నా, రెండిట్లోనూ ఆ బుటా ఉండాది. గీసే ప్రోగ్రాం కూడా రెండిట్లో ఒగటే. రెండు ప్రోగ్రాంలకూ వైరస్ ఉండాది. ఒగే వంశం. క్యాస్కేడ్ అంటారు."

"ఈరప్ప చూసింది అదేనా, అక్షరాలు రాల్చేది?"

"అదే. దాని కథ భలే ఉంటాది అన్నా. మొదుట్లో అది వైరసే కాదంట. మిషన్ ఆన్ చేస్తానే కీబోర్డు మీద ఒక లైటు వెలుగుతాది గదా, దాన్ని ఆర్పే చిన్న ప్రోగ్రాం అని చెప్పి ఎవురో ఇచ్చినారంట. లైటు ఆర్పమంటే అక్షరాలను రాల్చేది. తమాషా, అంతే. ఎనభై ఏడు ఆఖర్లో ఇంకెవురో దానికి కాళ్ళు పెట్టినారు. అప్పట్నుంచి ఒక ప్రోగ్రాం తోక పట్టుకోని ఇంకోదానికి పాకేది. ఎవురూ గుర్తుపట్టకుండా వొళ్ళంతా గుప్త భాషలో మార్చుకునేది. అట్లా ముసుగేసుకున్న మొదటి వాటిలో ఇదొగటి. ఒక పెద్ద కంపెనీ మిషన్లను మాత్రం వదిలెయ్యల్ల అని రాసినోడు అనుకున్యాడు గానీ, రాతలో తప్పు పోయి వాళ్ళనూ వదల్లే."

"దేవునికి వదిలిన కోడెనే కోసినట్లు."

"ఊ. ఆమీద దేశదేశాల్లో ఎవురికి తోచినట్ల వాళ్ళు మార్చినారు. ప్రోగ్రాంకి ఎంత బరువు పెంచుతాదో ఆ అంకెతోనే పేరు. ఈశ్వరక్క దాంట్లో ఉండేది పదిహేడు వందల ఒగటి. పాతది. చలికాలం ముందు నెలల్లో అక్షరాలు రాలుస్తాది, అంతకు మించి చెరుపు చెయ్యదు. ఆ యింట్లో ఎప్పుడూ జనవరే గదా, పాపం, బతికినన్నాళ్ళూ ఒక్క అక్షరం రాల్చకుండా పండుకోనుండాది."

"శ్రీనివాసులు దాంట్లో?"

"పదిహేడు వందల నాలుగు."

"ఒట్టి మూడు తేడాకి ఏమైతాది?"

"తోడేలుకీ కుక్కకీ ఎంత తేడా అన్నా?" రేష్మ గొంతు తగ్గించింది. "ఈ నాలుగోదాంట్లో మళ్ళా రకాలు. డిసెంబర్‌లోనే రాల్చేది ఒగటి. రాలుస్తా పాట పాడేది ఒగటి. ఈ ఫ్లాపీలో ఉండేది అన్నిటికంటే చెడ్డది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, ఈ మూడు నెలల్లో ప్రోగ్రాం తెరిచినావా, అక్షరాలు రాల్చి, ఫ్లాపీనంతా తుడిచేస్తాది. ఏ సమత్సరమైనా సరే. ఒక్క తొంబై మూడును మాత్రం వదిలేస్తాది. ఎందుకో రాసినోడికే తెలియాల."

1991 నవంబర్ 7న ఈ ప్రోగ్రాంతో ఆ బుటా గీసి ఉంటే, ఆ రోజే ఫ్లాపీ తుడిచిపెట్టుకుపోవాలి. పోలేదు. తట్టలో చల్లగా పడుకుని ఉంది.

"దొరికినాడు" అన్నాను.

"దొరకలే. గీసిన తర్వాత ఎప్పుడో వేరే ఫ్లాపీ నుంచి అంటుకోనుండొచ్చు గదా అంటారు. దానికేం చెప్తావు?"

అప్పుడే గేటు చప్పుడైంది. ముందు రామచంద్ర బూట్లు, వెనక శ్రీనివాసులు తెల్లపంచె. 

"ఏమప్పా ఓబులేసూ, ఈ కేసులో కూడా బుట్టలు మోస్తాండావా?" అన్నాడు రామచంద్ర కుర్చీ లాక్కుంటూ.

"మోస్తాండానన్నా. ఫోటోకి నిన్ను పిలుస్తాలే, ఉండు."

రుక్మిణమ్మ లోపలి నుంచి వచ్చి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, మాట మెల్లన, చూపు సూటి. "ఏమయ్యా, ఆ పోట్లాట బయట పెట్టుకోండి. శ్రీనివాసులును ఏమన్నా అడగాలంటే అడుగు. తర్వాత నేను చెప్పాల్సింది చెప్తాను."

నేను మెత్తగా మొదలుపెట్టాను. "శ్రీనివాసులు సార్, ఇన్నేండ్ల ముందరి తేదీ మీకు ఎట్లా గుర్తుండాది?"

"దీపావళి పోయినాంక పాడ్యమి, బేస్తవారం. గుర్తుండక ఏమి? మా ఇంట్లో పంచాంగం చూడకుండా పిడక కూడా తట్టరు. మంచిరోజు చూసి నేనే గీయించినా, మా గుమాస్తాతో. ఆయప్ప ఇప్పుడు ల్యాడు."

"ఈ ఫ్లాపీలో ఉండే ప్రోగ్రాంతోనేనా గీసింది?"

"దాంతో కాకుంటే బొగ్గుతో గీస్తారేమి?"

"బాగా చెప్పినారు. ఆ పొద్దు తర్వాత ఎన్ని తూర్లు మిషన్లో పెట్టింటారు? పదిసార్లు? ఇరవై?"

శ్రీనివాసులు రామచంద్ర వైపు చూశాడు. రామచంద్ర అందుకున్నాడు. ఫ్లాపీని తర్వాత ఎవరో మార్చారని నేను అంటానేమోనని వాడి భయం.

"ఒక్కసారి కూడా ల్యా. చెప్పండి సార్."

"ల్యా" అన్నాడు శ్రీనివాసులు గట్టిగా. "అది మా షాపుకి లక్ష్మి. పసుపు పెట్టి దేవుని పటం ఎనక పెట్టినా. మొన్న ఈయమ్మ దగ్గరికి తెచ్చి పేరూ తేదీ చూపించినాము, అంతే, ప్రోగ్రాం తెరవనే ల్యా. అంతవరకు ముట్టినోడు ల్యాడు. కవరు మీద పసుపు చూడు కావాలంటే."

"ముట్టింటే?"

"ముట్టింటే నా కండ్లు పోనీ."

"రాసుకోండి మేడం, అక్షరం అక్షరం రాసుకోండి" అన్నాడు రామచంద్ర.

రుక్మిణమ్మ రాసుకుంది. నేను రేష్మ వైపు చూడలేదు. చూస్తే మొహంలో బయటపడేది.

"అయితే అమ్మా, ఆ ఫ్లాపీ దొంగది" అన్నాను. ముందు ఈశ్వరి ఇంటి పెట్టెకు గడియారం లేదని, లేపినప్పుడల్లా 1980 జనవరి 1 అనే అంటుందని చెప్పి, తర్వాత రేష్మ చెప్పింది చెప్పినట్టు విప్పి చెప్పాను. గీసిన నాడే వైరస్ ఉంది, ఎందుకంటే ఆ తర్వాత ఎవరూ ముట్టలేదు. వైరస్ ఉండి నవంబర్లో తెరిస్తే ఫ్లాపీ మిగలదు. మిగిలింది కాబట్టి ఆ రోజు ఎవరూ తెరవలేదు. ఎవరో ఈమధ్య గడియారం వెనక్కి తిప్పి, పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఫ్లాపీలోకి డిజైను ఎక్కించారు. ప్రోగ్రాం తెరవకుండా ఎక్కించారు కాబట్టి బతికిపోయింది.

రామచంద్ర మొదట నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. "అక్షరాలు రాల్తాయంట, ఫ్లాపీ చచ్చిపోతాదంట. మేడం, ఇదంతా ఈ పిల్ల చెప్పిన కత. చూసినోళ్ళెవురు?"

"నకలు తీసి అందరి ముందరా నడిపిస్తాను సార్" అంది రేష్మ.

"నకలా? నకల్లో నువ్వే ఆ పురుగును ఎక్కించినావంటే? మా ఒరిజినల్ నడిపించు, మా మిషన్లోనే నడిపించు. చెడిపోతే నువ్వు చెప్పింది నిజం. చెడిపోకుంటే ఈశ్వరమ్మ మగ్గాలు దించుకుంటాది."

రుక్మిణమ్మ తల ఊపింది. "అదీ న్యాయమే. నకలును నేను నమ్మలేను."

"అయితే ఒక మాట" అన్నాడు రామచంద్ర నా వైపు తిరిగి. వాడి కళ్ళల్లో ఏదో లెక్క నడిచింది. "ఫ్లాపీకి పూచీ నాది. చెడిపోతే నాకేమి మిగుల్తాది? నీకి ఫ్యాక్టరీ రోడ్డుకు ఆనుకోని పొలం ఉండాది గదా. ఫ్లాపీ చెడిపోతే ఆ పొలం నాకని రాసియ్యి. దొంగ ఫ్లాపీ అంటాండావు గదా. దొంగదైనా సరే, దొరదైనా సరే, ఏ కారణం చేత చెడిపోయినా సరే. అట్లా రాయనా?"

ఫ్లాపీ బతికితే వాడికి కేసు. చస్తే వాడికి పొలం. నాకు అర్థమయింది. అర్థం కావడానికి ఎనిమిదో తరగతి చాలు, అంతకు మించి అక్కర్లేదు.

"వద్దన్నా" అంది ఈశ్వరి. "నా మగ్గాల కోసరం నీ బువ్వ పోగొట్టుకోవద్దు. ఏదో ఒగ కూలికి పోతాలే."

ఆ మాట అనకుండా ఉంటే వెనక్కి తగ్గేవాడినేమో.

"రాసుకో" అన్నాను.

రుక్మిణమ్మ ఆ కాగితాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి చదువుతూ నా మొహంలోకి చూసింది. సంతకం పెట్టాను.

ఫ్లాపీ అంచున చిన్న గాటు ఉంటుంది. దాని మీద వెండిరంగు స్టిక్కర్ అంటించి ఉంటే ఫ్లాపీ మీద ఎవరూ ఏదీ రాయలేరు, తుడవలేరు. రామచంద్ర చూస్తుండగా ఆ స్టిక్కర్ నా గోటితోనే లాగాను. మిషన్ లేచింది. తేదీ అడిగింది. నా జన్మలో మొదటిసారి ఎంటర్ నొక్కకుండా, ఒక్కొక్క అంకె వెతుక్కుని, ఆ పెట్టె అడిగినట్టే నెల ముందు, రోజు తర్వాత, 11, 7, 1991 అని కొట్టాను. రేష్మ ప్రోగ్రాం తెరిచింది.

తెర నీలంగా వెలిగింది. నిండా గళ్ళు, పైన వరసగా ఇంగ్లీషు మాటలు. ఏమీ కాలేదు. రామచంద్ర కాలు మీద కాలు వేసుకున్నాడు. రుక్మిణమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. బయట కొండ నీడ ముంగిట్లోకి కొద్దిగా జరిగింది. 

అప్పుడు పైవరసలో ఒక అక్షరం ఊడింది.

పడలేదు, దిగింది. ఏ తొందరా లేకుండా, తెర పొడుగునా జారి అడుక్కి చేరింది. దాని పక్కది ఒక్క క్షణం ఆలోచించి, తనూ బయల్దేరింది. తర్వాత రెండు, తర్వాత అయిదారు. గళ్ళ గీతలు కూడా వదులై ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గాలి లేదు, చప్పుడు లేదు. నిద్రపోయేవాడి కనురెప్పలు దిగినట్టు అన్నీ దిగుతున్నాయి. అడుగున కుప్ప పెరుగుతోంది. వసారాలో ఉన్న మేమంతా ఎక్కడో నీళ్ళ లోపల కూర్చున్నట్టుంది.

"ఇదే" అంది ఈశ్వరి. ఎప్పుడు లేచిందో, తెర ముందు నిలబడి ఉంది. చెయ్యి చాచి, కుప్ప పడుతున్న చోట అద్దాన్ని తాకింది. "ఇదేనన్నా. మాయప్ప చెప్పింది ఇదే. అయ్యో, ఎంత బాగుండాదే."

"రాలితే రాలినాయి!" రామచంద్ర లేచాడు. "రాలడమంటే చెడిపోవడమా? రాలినాంక మళ్ళా తెరుచుకోని గీసింటాడు మా గుమాస్తా."

రేష్మ నా చెవి దగ్గరికి వంగింది. "అన్నా, ఎర్రలైటు ఇంకా వెలగలే. వెలిగితే తుడిచేది మొదలైనట్ల. ఇప్పుడు తీసేస్తే ఫ్లాపీ బతుకుతాది. నీ పొలం బతుకుతాది. తీసేదా?"

ఆమె వేళ్ళు డ్రైవు తలుపు మీద ఉన్నాయి. తీస్తే రామచంద్ర మాటే నిలుస్తుంది. రాలడం ఒకటి, చెడిపోవడం ఒకటి. రుక్మిణమ్మ కలం పట్టుకుని నన్నే చూస్తోంది. ఈశ్వరి మమ్మల్ని చూడటం లేదు. తెరనే చూస్తోంది, చిన్నపిల్ల లాగా.

"ఉండనీమ్మా" అన్నాను.

ఎర్రలైటు వెలిగింది. పెట్టె లోపల గరగరమని, ఎవరో పాత గోడ గీకుతున్నట్టు చప్పుడు మొదలైంది. చాలాసేపు సాగింది. ఆగాక రేష్మ ఫ్లాపీని తన ల్యాప్‌టాప్ డ్రైవులో పెట్టి చూపించింది. పేరు లేదు, తేదీ లేదు, బుటా లేదు. ఖాళీ.

శ్రీనివాసులు మొహం పాలిపోయింది. "రామచంద్రా, నడిపించమని నువ్వే గదప్పా చెప్పింది, ఏమీ కాదంటివే!"

"నా మీద పడతావేమి?" రామచంద్రకు ఒళ్ళు తెలియలేదు. "జూన్ వేద్దాము, ఎండాకాలం తేదీ వేద్దాము అని తల బాదుకుంటి. ఇంటివా? శూన్యమాసం వద్దు, ఆషాఢం వద్దు, పాడ్యమి కావల్ల, కార్తీకం కావల్ల అని పంచాంగం పట్టుకుంటివి! దొంగ తేదీకి మంచిరోజేమి రా సామీ!"

మాట నోట్లోంచి వెళ్ళిపోయాక గానీ వాడికి వినబడలేదు.

రుక్మిణమ్మ కలం మూత పెట్టింది. "ఇంక నేను చెప్పేదేముంది? రాలుబుటా ఈశ్వరిది. ఈమెది పాత ఫ్లాపీ, పాత పురుగు, పెట్టె తప్పు తేదీ చూపిస్తే ఆ ఇంట్లో ఎప్పుడూ ఔననే అన్నారు, అంతే. మీది తేదీ ఒక్కటే నిజంలా ఉండింది." ఈశ్వరి ఆమె కాళ్ళు మొక్కబోతే పట్టుకుని లేపింది.

రేపు పేపర్లో నా ఫోటో పడాలి. అలా అనుకుంటూ ఉన్నాను. అంతలో రామచంద్ర వచ్చి నా ముందు నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి, పేరు పోయింది, క్లయింటు పోయాడు. కాగితం మాత్రం విప్పి నా కళ్ళ ముందు పట్టాడు.

"ఏ కారణం చేతనైనా" అన్నాడు. "దొంగదైనా, దొరదైనా."

నేను రుక్మిణమ్మ వైపు చూశాను.

"కోర్టుకు పో" అంది ఆమె మెల్లగా. "కొట్టేస్తారనే అనుకుంటా. ఎన్నేండ్లకు కొట్టేస్తారో చెప్పలేను. అంతవరకూ అందులోకి నిన్ను అడుగు పెట్టనీడు. నీకు రెండుసార్లు చదివి వినిపించాను కదయ్యా."

వినిపించింది. ముగ్గురు ఆడవాళ్ళ ముందు, తెలిసి, చూసుకుని సంతకం పెట్టాను. కోర్టు మెట్లెక్కి నాకు తెలీదు, నేను చదువుకోలేదు అని చెప్పమంటారా? అదైతే రామచంద్ర రోజూ చెబుతూనే ఉన్నాడు.

ఈశ్వరి నా చెయ్యి పట్టుకుని ఉంది. తెర మీద ఇంకా అక్షరాలు కుప్పగా పడి ఉన్నాయి, ఎవరూ ఊడ్వని ముంగిలి లాగా. నేను తాళంచెవులు తీసి రామచంద్ర చేతిలో పెట్టాను. బోరు గదివి.

పెనుకొండ మండలం, ఫ్యాక్టరీ రోడ్డు పక్కన, సర్వే నంబరు 214/2, ఒక ఎకరా డెబ్బై మూడు సెంట్లు.